డిస్కు బ్రేకుకు బొట్టు

ఆ రోజుల్లో మా జమ్మలమడుగులో ఆడపిల్ల సైకిలంటే ఒక్కటే రకం. ముందర బుట్ట, మధ్యలో కడ్డీ ఉండదు, రంగు గులాబీ, లేకపోతే ఊదా. ఎంచుకోవడానికేమీ లేదు గనక కొనేవాళ్లకు మనశ్శాంతి ఉండేది. మొన్నీమధ్య ఏడేళ్ల మా పాప గేర్ల సైకిలు కావాలంది. నెల రోజులు ఫోనులో చూస్తూనే ఉన్నాను. చక్రం ఎన్ని అంగుళాలుండాలి, బ్రేకు పిడి ఆ చిన్న వేళ్లకు అందుతుందా, బరువెంత, కింద పడితే మీద పడేది ఎంత. "సైకిలు కొంటాండావా, పెండ్లి సంబంధం చూస్తాండావా" అని మా ఆయన నవ్వాడు. ఇదే పని నేను పెళ్లికి ముందొకసారి చేశానని ఆయనకు తెలుసు, సైకిళ్ల గురించి అంత చదివి చివరికి ఏం వెలగబెట్టానో మాత్రం సగమే తెలుసు. మిగతా సగం ఇదిగో.

డిగ్రీ పూర్తయిన ఏడాది, పెద్దముడియం వైపు ఒక పల్లెలో ఉన్న చిన్న ప్రైవేటు బడిలో నాకు లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. దసరా సెలవులు అయిపోగానే చేరాలి. మా ఇంటికి ఏడు కిలోమీటర్లు. పొద్దున పూట బస్సు ఒకటుంది గానీ అది బడి గంట కొట్టిన అరగంటకు వస్తుంది. స్కూటరు కొనివ్వమంటే మా నాన్న ఒప్పుకోలేదు. ఆయన మండలాఫీసులో గుమాస్తా. "పెట్రోలు పోస్తే పరిగెత్తేదానికి బుద్ధుండదు. తొక్కితే పోయేదానికి కొంచెమన్నా ఉంటాది" అన్నాడు. సైకిలుకు మాత్రం ఒప్పుకుని, ఒక తెల్లకాగితం మీద మూడు షరతులు రాశాడు. చీకటి పడకముందే ఇల్లు చేరవలెను. ఫోను మాట్లాడుచు తొక్కరాదు. ఒక్కసారి కింద పడినను సదరు ఉద్యోగము మానుకొనవలెను. కింద నా సంతకం, సాక్షిగా మా అవ్వ వేలిముద్ర. (అవ్వకు సంతకం బాగానే వచ్చు. ఆఫీసు కాగితమంటే వేలిముద్రే వేయాలని ఆమె పట్టుదల.)

మూడో షరతు నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ దారిలో చివరి రెండు కిలోమీటర్లు నల్లరేగడి. వాన పడితే మట్టి చక్రానికి చుట్టుకుని మనిషితో సహా ఆపేస్తుంది. దానికి తోడు మధ్యలో ఒక వంక, అంటే చిన్న వాగు, అటూ ఇటూ నిటారు దిగుడు. నేను మా వీధి చివర నెట్ సెంటరులో కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఉద్యోగం కోసం మొదలైన చదువు, పది రోజులయ్యేసరికి ఉద్యోగం సంగతే మరిచిపోయేంత కుతూహలంగా మారింది. కొండల్లో తొక్కే సైకిళ్లని ఒక జాతి ఉందట. వాటి టైర్లకు వేళ్లంత బుడిపెలుంటాయట. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, కలిపితే ఇరవయ్యొక్క గేర్లు. ముందు చిన్నది, వెనక పెద్దది కలిపితే ఎక్కుడు సులువవుతుందని చదివి, పళ్ల లెక్కలన్నీ నోటుపుస్తకంలో భాగహారాలు వేసుకుని చూశాను. నిజమే. ఆ రోజు అన్నం తింటూ ఈ సంగతి చెబితే అవ్వ ముద్ద పట్టుకుని ఆగిపోయింది. "ఇరవయ్యొక్కటా? లారీకి గూడా అన్ని లేవు గదే. నువ్వు బడికి పోతాండావా, సున్నపురాయి తోలను పోతాండావా?"

అన్నిటికంటే నాకు నచ్చింది డిస్కు బ్రేకు. మామూలు బ్రేకు చక్రం అంచును పట్టుకుంటుంది, అంచుకు బురద అంటితే జారిపోతుంది. డిస్కు బ్రేకుకు చక్రం నడుమ ఒక పలుచని ఉక్కు పళ్లెం ఉంటుంది. రెండు చిన్న బిళ్లలు దాన్ని అటూ ఇటూ పట్టి ఆపుతాయి. రేగడి అంత ఎత్తుకు రాదు. ఈ ముక్క కనిపెట్టినందుకు నన్ను నేను ఎంతగా మెచ్చుకున్నానంటే, కూరగాయలామెకు కూడా విడమరచి చెప్పాను.

ప్రొద్దుటూరు అంగడిలో అలాంటివి రెండున్నాయి. ఒకదానికి ముందు మాత్రమే స్ప్రింగులు, ఇంకోదానికి ముందూ వెనకా. అంగడాయన రెండోదాని సీటు మీద చెయ్యేసి అదిమి వదిలాడు. "చూడు సార్, ఊయల మాదిరి. పాప గుంతల మీద నిద్రపోతా పోవచ్చు." మా నాన్న నా వైపు చూశాడు. "వెనక స్ప్రింగు బరువు నాన్నా, ఎక్కుడులో మన బలమంతా అదే తినేస్తాది" అన్నాను, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సైకిళ్లే అమ్ముతున్నదానిలా. నాన్న రెండింటినీ ఒక్కో చేత్తో పైకెత్తి చూశాడు. "వంకలో నీళ్లొస్తే ఎత్తుకుని దాటల్ల గదా" అని తేలికదాన్నే ఇప్పించాడు. మా ఇద్దరి లెక్కలు వేరువేరు, వచ్చిన జవాబు మాత్రం ఒకటే.

ఇంటికొచ్చాక ఎవరికి తోచిన మార్పు వాళ్లు చెప్పారు. అమ్మ క్యారేజీ పెట్టుకోవడానికి వెనక క్యారియరు కావాలంది. అవ్వ చున్నీ చిక్కకుండా చైనుకు మూత కావాలంది. నాన్న స్టాండు, గంట, రెండు మడ్‌గార్డులు అన్నాడు. అన్నీ కలిపి కువైట్ మామ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన కువైట్‌లో పన్నెండేళ్లు సైకిళ్ల షాపులో పనిచేసి వచ్చి, మా బస్టాండు దగ్గర చిన్న రిపేరు అంగడి పెట్టుకున్నాడు. సైకిలు చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఈ పాప గుర్రాన్ని తెస్తే మీరంతా కలిసి ఎద్దును చేస్తాండారే" అన్నాడు. స్టాండు, గంట, క్యారియరు బిగించాడు. గేరు మారినప్పుడల్లా చైను పక్కకు జరుగుతుందని చూపించి మూత వద్దన్నాడు. మడ్‌గార్డు సందులో రేగడి ఇరుక్కుంటుందని అదీ వద్దన్నాడు. బ్రేకు గురించి ఆయన ఏదో చెప్పబోతే, "నాకు తెలుసులే మామా, అంతా చదివినా" అన్నాను. ఆయన బుద్ధిగా నోరు మూసుకున్నాడు. (ఆ ఒక్క మాట విని ఉంటే ఈ కథ లేదు.)

తర్వాత ఆయుధపూజ వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు కత్తిపీట, రోకలి, కుట్టుమిషను, నాన్న మోపెడ్, అన్నిటినీ కడిగి బొట్లు పెడతారు. పూజ చేసిన వస్తువును మరుసటి రోజుదాకా ఎవరూ వాడకూడదు. నా సైకిలుకు పూజ నేనే చేసుకుంటానన్నాను. హ్యాండిలుకు బంతిపూల దండ కట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. అప్పుడు నా చూపు నా ముద్దుల డిస్కుల మీద పడింది. అంత గొప్ప వస్తువును ఉత్తిగా వదిలేస్తానా? కుట్టుమిషనుకు పూసినట్టే రెండు డిస్కులకూ కొబ్బరినూనె రాసి, గుడ్డతో తళతళా తుడిచి, ఒక్కోదానికి అటు నాలుగు, ఇటు నాలుగు పసుపు కుంకుమ బొట్లు పెట్టాను. అవ్వ మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

పండగ వెళ్లిన మరుసటి పొద్దున, బడి తెరిచే రోజు, కొత్త చుడీదారు, కొత్త చెప్పులు, కొత్త సైకిలు. వెనక మోపెడ్ మీద మా నాన్న. ఊరు దాటి వంక వచ్చేదాకా రోడ్డు చదును గనక బ్రేకుతో పనే పడలేదు. వంక దిగుడు మొదలయ్యే చోట ఠీవిగా రెండు పిడులూ నొక్కాను. సైకిలు ఆగలేదు. అరిచింది. ఆ అరుపు ఎలా ఉందని ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వంక అడుగున నీళ్లు తాగుతున్న మేకలమంద తలలెత్తి చూసి రెండుగా చీలిపోయింది. నేను ఆ చీలిక మధ్యలోంచి, చీలమండలోతు నీళ్లను చీల్చుకుంటూ అవతలి ఎక్కుడు సగం దాకా పోయి, వేగం చచ్చాక కాళ్లు నేల మీద పెట్టి నిలబడ్డాను. మేకలాయన కట్టె మీద గడ్డం ఆనించుకుని అడిగాడు. "ఏందిమా అది, మేకపిల్లను యాడన్నా మింగిందా ఏంది, అట్ల అరుస్తాంది?"

వెనక నుంచి నాన్న వచ్చాడు. ముఖంలో రక్తం లేదు. "పడితివి గదా" అన్నాడు.

"పడలే నాన్నా. నిలబడినా."

"కాళ్లు కింద పెట్టినావు."

"కాళ్లు కింద పెడితే పడినట్లని కాగితంలో ల్యా."

గుమాస్తాకు కాగితం అడ్డం పెట్టడం కంటే పెద్ద దెబ్బ లేదు. బడి దాకా నడిపించుకుని పోయాం. సాయంత్రం నాన్నే వచ్చి, నన్ను వెనక ఎక్కించుకుని, సైకిలును మోపెడ్ పక్కన తోసుకుంటూ నేరుగా కువైట్ మామ దగ్గరికి తెచ్చాడు. ఆయన చక్రం తిప్పి, డిస్కు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. "కొబ్బరినూనె" అన్నాడు. నా వైపు తిరగలేదు, అదే ఆయన మంచితనం. "దేవునికి బొట్టు పెట్టుమా, కాదనను. బ్రేకుకు నూనె పెడితే మాత్రం మనల్ని ఆ దేవుడే పట్టుకుని ఆపల్ల." మెడికల్ షాపు నుంచి స్పిరిట్ తెప్పించి డిస్కులు తుడిచాడు. బిళ్లలు ఊడదీసి ఉప్పుకాగితం మీద రుద్దాడు. నేను పక్కనే ముడుక్కుని కూర్చున్నా, ఆయన చేతులు చూడకుండా ఉండలేకపోయాను. బిళ్ల పైపొర పోయి కింద కొత్త రంగు తేలుతుంటే అవమానం కూడా కొంత పోయింది.

నాన్నకు మాత్రం నమ్మకం కుదరలేదు. "నేను చూడల్ల" అని పంచె ఎగగట్టి సైకిలెక్కాడు. ఆయన జీవితమంతా తొక్కింది కడ్డీ బ్రేకుల పాత సైకిలు. దాన్ని ఆపాలంటే పిడికిలంతా బిగించి, ఒక ఫర్లాంగు ముందు నుంచీ పిసకాలి. బస్టాండు చుట్టూ ఒక రౌండు కొట్టి, మా ముందుకు వచ్చాక అలాగే పిసికాడు. "సార్, రెండు వేళ్లతోనే నొక్కల్ల" అని కువైట్ మామ అనే లోపల ముందు చక్రం ఉన్నచోటే నిలిచిపోయింది. మా నాన్న నిలవలేదు. హ్యాండిలు మీదుగా, ఎంతో నిదానంగా అనిపించేలా, చెరుకురసం బండి పక్కనున్న పిప్పి కుప్పలోకి దిగాడు.

మోచెయ్యి గీరుకుంది, అంతే. లేచి, పంచె దులుపుకుని, సైకిలును తేరిపార చూశాడు. కువైట్ మామ ముఖం అటు తిప్పుకుని పానాలు సర్దుతున్నాడు. నేను మూడో షరతు గురించి నోరెత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, ఆయన దాన్నే తలుచుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. సైకిలుకు స్టాండు వేసి అడిగాడు. "రేపు ఎన్ని గంటలకు పోవల్ల?"

ఆ బడిలో మూడేళ్లు పనిచేశాను. ఒక్కసారీ పడలేదు. (వంకలో రెండుసార్లు నిలబడ్డాను.)

ఇప్పుడు పులివెందులలో మా వాకిట్లో పాప కొత్త సైకిలుంది. మొన్న దసరాకు పాప కుంకుమ గిన్నె పట్టుకుని నేరుగా చక్రాల దగ్గరికే పోయింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకుని హ్యాండిలుకు పెట్టించాను. ఎందుకని అడిగింది. పండక్కి వచ్చిన మా నాన్న కుర్చీలోంచి అందుకున్నాడు. "మీయమ్మ అట్లనే బ్రేకుకు నూనె పూసి, జమ్మలమడుగు బస్టాండులో చెరుకుపిప్పిలో పడింది." పాప నోరు తెరుచుకుని నన్నే చూసింది. సైకిలు గురించి ప్రతిదీ తెలుసనుకున్న ఆ పిల్ల, కొత్త చుడీదారు తడుపుకుని వంక ఎక్కుడులో నిలబడ్డ ఆ పిల్ల, ఎక్కడో నా లోపల నుంచి, "పడలే, నిలబడినా" అనబోయింది. ఆగమన్నాను, రెండు వేళ్లతోనే.

"అవును పాపా, పడినా" అన్నాను.