వీపు తిప్పి వినేవాడు

దీవిలో అమెరికా సైనిక స్థావరం గేటు ముందున్న కోజా ఊరి పేరు పటంలో ఎప్పుడో మార్చేశారు. అయినా ఆ ఊళ్ళో ఎవరి నోటా కొత్త పేరు రాదు. ఊరి పేరు పాత చెప్పు లాంటిది, కాలికి అలవాటయ్యాక అరిగిపోయినా వదలబుద్ధి కాదు. అమెరికా సైనికులు వియత్నాం వెళ్ళే ముందు గేటు వీధిలో తాగి తందనాలాడే రోజుల్లో గిబో సేయ్‌జీ అక్కడి బార్లలో బేస్ గిటార్ వాయించేవాడు. యుద్ధం అయిపోయింది. బార్లు మూతపడ్డాయి. గిబో మాత్రం అదే వీధిలో వాద్యాల మరమ్మతు దుకాణం పెట్టుకుని మిగిలిపోయాడు. ఆ దుకాణం మేడమీద గదిలో చాలాకాలం అద్దెకున్నాను. ఆయన తీగలు మీటే చప్పుడుతోనే నాకు తెల్లవారేది.

ఆ పనిలో అన్నిటికన్నా నాజూకైనది అయస్కాంతాలు సర్దడం. బేస్‌కి నాలుగు ఉక్కు తీగలు. ఒక్కో తీగ కింద రెండేసి చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగి చుట్ట. అయస్కాంతం తీగకి దగ్గరయితే మోత పెరుగుతుంది, దూరమయితే తగ్గుతుంది. పాత వాద్యాల్లో అవి ఎగుడుదిగుడుగా ఉంటాయి. పైగా సముద్రపు గాలికి తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. మొండికేసినదాన్ని నెట్టేటప్పుడు లోపల రాగి తెగిందా, ఆ వాద్యం ఇక మూగదే.

నెట్టడం చేతి పని. ఎంత నెట్టాలో తేల్చడం చెవి పని. ఆ చెవి వాయించేవాడిది కాకూడదు. నీరసంగా మోగే తీగని వేలు తనకి తెలియకుండానే గట్టిగా మీటుతుంది, బక్కపిల్లాడికి ఒక ముద్ద ఎక్కువ పెట్టే తల్లిలాగా. అందుకని ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు వీపు తిప్పి నిలబడి వినాలి. గిబోకి అలా విని పెట్టినవాడు తొకేషి. కుర్రతనంలో గిబో వాయించిన బృందంలోనే డ్రమ్స్ కొట్టినవాడు. భార్య పోయాక రోజూ దుకాణానికి వచ్చి, వేరుశనగపప్పులు నములుతూ గోడవైపు తిరిగి నిలబడేవాడు. బాగుంటే గోడమీద ఒక దెబ్బ. బాగోకపోతే రెండు.

"సన్న తీగ ఎగిరిపడుతోందిరా. దించు."

"దించితే నీ పళ్ళ చప్పుడే మిగుల్తుంది."

"కట్టుడు పళ్ళయినా నీకన్నా శ్రుతిలో ఉన్నాయి. దించమన్నానా."

గిబో తిట్టుకుంటూనే దించేవాడు. గోడకి అవతల ఉతో అక్క సోబా నూడుల్స్ అంగడి. సోబా వండుతూనే ఆవిడ కేకేసేది: "గోడ కూలిస్తే గానీ మీ కచేరీ అవదా?"

ఒక ఏడు చలికాలం చివర్లో తొకేషి పోయాడు. వసంతంలో శీమీ అనే పెద్దల పండగ నాడు అతని వాళ్ళంతా సమాధి ముందు చాపలు పరుచుకుని భోంచేస్తుంటే, గిబో ఒక పక్కగా వేరుశనగల పొట్లం పెట్టి, తిండికి కూర్చోకుండా వచ్చేశాడు.

తర్వాత ఒకతను, బాగుచేయించుకున్న బేస్ వెనక్కి తెచ్చాడు.

"పెద్దాయనా, సన్న తీగ మిగతావాటి నెత్తినెక్కి కూర్చుంది."

"నీ వేళ్ళు మొరటువి" అని గిబో అతన్ని పంపేశాడు. వానాకాలంలో ఇంకొకడు వచ్చి అదే మాటన్నాడు. వాడి చేతులు మొరటువి కావు. ఆ రాత్రి గిబోకి అన్నం సయించలేదు.

మర్నాడు సాయంత్రం గోడకి తగిలించి ఉన్న తన సొంత బేస్ దించాడు. బార్లలో వాయించిన ఆ రోజుల నుంచి ఆయన దగ్గర మిగిలింది అదొక్కటే. మీటి చూశాడు. మూడు తీగలు ఎదురుగా నిలబడి పలికాయి. సన్నది పక్కింట్లోంచి పిలిచినట్టుంది. మరలు విప్పి, అడుగునుంచి దాని అయస్కాంతాల్లో ఒకదానికి ఇత్తడి కడ్డీ ఆనించాడు. తుప్పు బాగా పట్టింది. తోస్తే కదలచ్చు, తెగచ్చు.

అప్పుడే, మధ్యాహ్నం సోబా పంపిన గిన్నె కోసం ఉతో అక్క వచ్చింది.

"అక్కా, ఒక్క నిమిషం అటు తిరిగి నిలబడు. ఏ తీగ తక్కువగా ఉందో చెప్పు."

కడ్డీ పక్కన పెట్టి, వాద్యాన్ని మళ్ళీ బిగించి, నాలుగూ మీటాడు.

"నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. తక్కువగా కనిపించేది నువ్వే, చిక్కిపోయావు."

"సరిగ్గా విను. సన్నది?"

"సోబా ఉడికిందో లేదో చప్పుడుతో చెప్పేదాన్ని సేయ్‌జీ. సమానం అంటే సమానమే."

గిబో బేస్‌ని బల్లమీద పెట్టాడు. తర్వాత అడిగాడు: "తొకేషి గోడ కొట్టేవాడు కదా. ఎన్ని కొట్టేవాడో గుర్తుందా?"

"గుర్తులేకేం, నా గిన్నెలు అదిరేవి. వెనకటి రోజుల్లో ఒకటే కొట్టేవాడు. పోయేముందు కొన్నేళ్ళు మాత్రం ముందు రెండు, కాసేపటికి ఒకటి. ప్రతిసారీ అంతే. నీకు పనిమీద మనసు లేదనుకునేదాన్ని."

గిన్నె తీసుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

గిబోకి చెవి తగ్గిపోతోందని తొకేషి ఒక్కసారీ అనలేదు. దించు అన్నాడు, అంతే. అన్నేళ్ళూ దుకాణం పేరు గిబోది, చెవి తొకేషిది. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకుంటే గిబో తలూపాడు. ఆ మెప్పులో సగమైనా గోడవైపు చూస్తూ పప్పులు నమిలినవాడిదని ఇప్పుడు తెలిసింది, చెప్పుకోవడానికి ఎవరూ లేనప్పుడు.

ఇత్తడి కడ్డీని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు. వీధిలోకి వెళ్ళి, ధ్వని సరిచేయబడును అన్న చెక్క పలకని మేకు నుంచి తీసి లోపల గోడకి తిప్పి నిలబెట్టాడు. అతుకులు పెట్టడానికీ, మరలు మార్చడానికీ చెవి అక్కర్లేదు.

తర్వాత కూర్చుని, బేస్ కొమ్ముకి గడ్డం ఆనించి సన్న తీగ మీటాడు. చెవికి అందని పలుకు చెక్కలోంచి దవడ ఎముకలోకి వచ్చింది. మిగిలిన మూడూ మీటాడు. ఉతో అక్క అన్నది నిజమే. నాలుగూ సమానం.

చెయ్యి చాపి గోడమీద ఒక దెబ్బ కొట్టాడు.

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"సోబా ఈవేళ్టికి అయిపోయింది సేయ్‌జీ" అంది ఉతో అక్క. "రేపు తిందువుగాని."