ఐదేళ్ళకు గాని తెరవని డబ్బా

నేడు పదవ దినం. గతించినవారిని తలచి, నువ్వులూ నీళ్ళూ దోసిట పట్టి విడవవలసిన రోజు. ధర్మోదకమని దానికి పేరు. కర్మ చేయడానికి కొడుకు కావాలి, పిండం పెట్టడానికి గోత్రం కావాలి. ధర్మోదకానికి అవేవీ అక్కరలేదు. పోయినవాడు నావాడని అనగలిగితే చాలు, ఏ ఇంటిపేరు వాడైనా ఆ నీళ్ళు విడవవచ్చు. మా పక్కింటి పెద్దాయన కన్నుమూసి నేటికి పది రోజులు. వారిది ఫిజీ నుంచి వచ్చిన కుటుంబం. వారి ఆచారంలో పదమూడవ రోజుకే ప్రాధాన్యం, ఈ పదవనాటి నీళ్ళు లేవు. అందుచేత నా దోసిలి నీళ్ళను నేను ఈ కాగితం మీద విడుస్తున్నాను.

వార్త కంచె మీదుగా వచ్చింది. ఈ పరదేశపు నగర శివారు ట్రుగనీనాలో మా రెండిళ్ళ నడుమ ఉన్నది ఒక చెక్క కంచె. రోజూ ఉదయం ఆరు గంటలకు ఆయన గ్యారేజీ తలుపు సగం పైకెత్తి, మడతకుర్చీ ముందుకు లాక్కుని, టీ కప్పుతో కూర్చునేవారు. ఆ తలుపు చప్పుడే నా సంధ్యావందనానికి గంట. ఆయన మంచాన పడ్డాక ఇంట్లోవారు ఆయన కోసం ఆ తలుపు ఎత్తేవారు. ఆ రోజు చప్పుడు లేదు. అర్ఘ్యం విడిచి లేచేసరికి కంచె అవతల ఆయన మనుమరాలు నిలబడి ఉంది. పదిహేడేళ్ళ పిల్ల, నా ఆదివారపు తెలుగు తరగతిలో చదువుతుంది. "తాత ఈజ్ గాన్, మాస్టర్" అంది. నలభై ఏళ్ళు కళాశాలలో పద్యం చెప్పి బతికినవాణ్ణి, చేతిలోని పంచపాత్రను కింద పెట్టి కంచె దగ్గరకు నడిచాను.

ఆయన పూర్వులు మన తీరం నుంచి చెరుకుతోటల కూలికి ఓడెక్కినవారు. "మా తాత తండ్రి వేలిముద్ర ఏసి ఎక్కినాడు మాస్టర్‌జీ. ఆ కాయితంలో ఏం రాసుందో ఆయనకి తెలవదు" అని చెప్పేవారు. ఆ ద్వీపంలో కల్లోలం రేగినప్పుడు ఈయన భార్యాబిడ్డలతో ఇక్కడికి వచ్చి, గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి, ఇల్లు నిలుపుకున్నారు. హిందీ రాయగలరు, ఇంగ్లీషు రాయగలరు. తెలుగు మాత్రం నాయనమ్మ నోటి నుంచి విన్నదే. "తెలుగు నా చెవిలో ఉంది మాస్టర్‌జీ. చేతికి దిగలేదు" అనేవారు.

వచ్చిన ఏడాదే ఇక్కడి ఫుట్‌బాల్ జట్టు ఒకదానికి మనసిచ్చారు. ఆ జట్టు పేరు చెప్పను. గెలుపన్నది దానికి గ్రహణం వంటిది, ఎప్పుడో పడుతుంది, పట్టీ పట్టకముందే విడిచిపోతుంది. ఆటల కాలం ముగిశాక, వేసవి మొదట్లో, జట్లన్నీ పద్దెనిమిదేళ్ళ కొత్త పిల్లలను వంతులవారీగా ఎంచుకునే ఒక సాయంత్రం ఉంది. డ్రాఫ్ట్ అంటారు. అందరికంటే అధ్వాన్నంగా ఓడిన జట్టుకు మొదటి వంతు. తొమ్మిదేళ్ళ కిందట, మా అమ్మాయి ఇంటికి వచ్చిన కొత్తలో, ఆయన నన్ను తన గ్యారేజీకి ఆ వేడుక చూడ పిలిచారు. గోడమీద టీవీ, చెక్కగిన్నెలో ఫిజీవారు తాగే వేరు కషాయం, నాకు ప్రత్యేకంగా అల్లం టీ. ఎదురింటి కరీంనగర్ ఇంజనీరు మెడలో జట్టు కండువా వేసుకుని అప్పటికే గొంతు పోగొట్టుకుని ఉన్నాడు.

"ఓడినవాడికి అగ్రతాంబూలమా? ఇదెక్కడి ధర్మం?" అన్నాను నేను.

"ఆకలి మీదున్నోడికే గదా ముందు విస్తరెయ్యాల" అన్నారు పెద్దాయన.

"ఏసుడైతే ఏస్తుండ్రు సార్, తినుడే వస్తలేదు మనోళ్ళకు" అన్నాడు ఇంజనీరు.

ఆ గ్యారేజీలో ఒక నియమం ఉండేది. మా వంతు రాకముందే ప్రతివారూ తాము కోరే పిల్లవాడి పేరు చీటీ మీద రాసి, మడిచి, బిస్కెట్ల రేకుడబ్బాలో వేయాలి. డబ్బా మూతకు టేపు వేస్తారు. మళ్ళీ ఐదేళ్ళకు, అదే సాయంత్రం, దాన్ని తెరుస్తారు. అంతవరకు జట్టు ఎంచిన పిల్లవాణ్ణి ఎవరూ తిట్టకూడదు. "ఐదేళ్ళు నిండకుండా తిడితే అది ఆటని తిట్టడం కాదు, పిల్లోణ్ణి తిట్టడం" అన్నది ఆయన శాసనం. ఏడాదికొక డబ్బా, అలమరలో వరుసగా ఐదు డబ్బాలు. వాటికి నన్ను కాపలాదారుగా నియమించారు. ఆట తెలియనివాడే నిష్పక్షపాతంగా ఉంటాడని ఆయన నమ్మకం. నేను ఆ పదవిని కొంత గర్వంతోనే నిర్వహించాను.

డబ్బా తెరిచిన సాయంత్రాలు ప్రాయశ్చిత్తసభల వలె ఉండేవి. ఐదేళ్ళ కిందట ఇంజనీరు ప్రాణం పెట్టి రాసిన పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తుండేది కాదు. "ఎవడు రాసిండు ఇది? నేనా? నా చేతిరాత గాదు" అనేవాడు. మేము పెదవి విరిచిన పిల్లవాడేమో బాగా ఆడి, బాగా ఆడిన పాపానికి మరో జట్టుకు పోయి ఉండేవాడు. నేనెరిగిన ఇన్నేళ్ళలో పెద్దాయన రాసిన పేరును మా జట్టు ఒక్కసారైనా పిలవలేదు. అయినా శీతకాలమంతా మడతకుర్చీ చంకన పెట్టుకుని పేట మైదానాల చుట్టూ తిరిగేవారు. నన్నూ వెంట తీసుకుపోయేవారు. "బంతిని అందరూ చూస్తారు మాస్టర్‌జీ. బంతి దగ్గర లేనప్పుడు పిల్లోడు ఏం చేస్తన్నాడో చూడాల" అనేవారు. నలభై ఏళ్ళు శిష్యులను పరీక్షించిన నాకు ఆ మాట ముందే ఎందుకు తోచలేదా అనుకునేవాణ్ణి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఐదారేళ్ళ కిందట ఆయన నన్ను అక్షరాలు నేర్పమని అడిగారు. సంతోషంగా ఒప్పుకున్నాను. నా పద్ధతి మా గురువుల పద్ధతి. తప్పు రాస్తే కొట్టేసి మళ్ళీ రాయించడం, ఓనమాలు నిలకడ పడనిదే పేరు రాయనివ్వకపోవడం. నాలుగవ వారం ఆయన రాసిన "క"ను పట్టుకుని, "ఇది అక్షరమా, తల తెగిన మొండెమా?" అన్నాను. వినోదానికే అన్నాను. ఆయనా నవ్వారు. మరుసటి వారం నుంచి పలక తీసుకుని రాలేదు. "ఈ ఏలికి ఫోర్క్‌లిఫ్టే రాసిపెట్టుంది మాస్టర్‌జీ" అన్నారు. నేను బలవంతం చేయలేదు. అన్ని దానాలలోకి విద్యాదానం మిన్న అని ఎన్ని వేదికల మీద చెప్పానో లెక్కలేదు. కంచె అవతలి మనిషికి యాభై ఆరక్షరాలు ఇవ్వలేకపోయాను.

ఈ ఏడు ఆయన మనసు ఒక పొడుగు కుర్రవాడి మీద నిలిచింది. మా పడమటి పేటల పిల్లవాడే. మూడు శీతకాలాలుగా వాణ్ణి చూస్తూ వచ్చారు. మా జట్టు చివరినుంచి మూడవదై మూడవ వంతు సంపాదించింది. పత్రికలవారు సైతం ఆ కుర్రవాడు మా జట్టుకే వస్తాడన్నారు. జబ్బు అప్పటికే ఆయన కాలేయాన్ని తినివేసింది. వైద్యులు వారాల లెక్క చెబుతున్నారు. "ఈ ఒక్కసారి నేను రాసిన పేరు మనోళ్ళు పిలిస్తే ఇని పోతా మాస్టర్‌జీ. కప్పు ఒద్దు, ఏమీ ఒద్దు" అన్నారు. ఇంత కాలం ఒక జట్టును ప్రేమించిన మనిషి అడిగిన ఫలం అంతే.

ఆ సాయంత్రం ఇంకా ఎండ ఉంది. ఆయనను చక్రాల కుర్చీలో గ్యారేజీకి తెచ్చారు. మోకాళ్ళ మీద దుప్పటి, మెడలో కండువా. చీటీ మాత్రం మాకు కనబడకుండా, మనుమరాలి వైపు తిరిగి, చాలాసేపు రాశారు. "ఏంది అంకుల్, ఎగ్జామ్ రాస్తున్నరా? సప్లిమెంట్ పేపర్ తెమ్మంటరా?" అని ఇంజనీరు ఎగతాళి చేశాడు. చీటీలు డబ్బాలో పడ్డాయి. నేను టేపు వేశాను.

మొదటి వంతు అయింది, రెండవది అయింది. మా వంతుకు గడువు గడియారం మొదలై, మధ్యలో ఆగిపోయింది. తెరమీద పెద్దమనిషి ఒకడు వచ్చి, మా జట్టు తన మూడవ వంతును మరొక జట్టుకు ఇచ్చివేసిందనీ, బదులుగా వచ్చే ఏడాది వారి వంతును పుచ్చుకుందనీ ప్రకటించాడు. అలా మార్చుకోవచ్చునట. మరునిమిషంలో ఆ వంతు పుచ్చుకున్న జట్టువారు, మా వంతులో, ఆ పొడుగు కుర్రవాడి పేరే పిలిచారు.

"అగ్గో! మళ్ళ నెక్స్ట్ ఇయరేనా? ఎప్పుడు సూడు నెక్స్ట్ ఇయర్!" ఇంజనీరు కండువా తీసి నేలకు కొట్టాడు. "మంచి డీలే అంటున్నరు ఫోన్ల. దేనికి మంచిది?" అని తనలో తనే అన్నాడు. అంతలో కుర్చీ వైపు చూసి, వంగి కండువా ఎత్తుకున్నాడు.

పెద్దాయన తెరనే చూస్తున్నారు. వేరే రంగుల చొక్కా తొడుక్కుని కుర్రవాడు తల్లిని కౌగిలించుకుంటున్నాడు. "వచ్చే ఏడాదికా" అన్నారు చివరకు. "మంచిదే. ఆళ్ళకి వచ్చే ఏడాదుంది." ఆయన భార్య టీ కప్పులు పట్టుకుని వాకిలి దగ్గరే నిలబడిపోయింది.

కొంతసేపటికి ఆయన నా వైపు తిరిగారు. "మాస్టర్‌జీ, నా చీటీ ఒకపాలి తియ్యండి. మీకు చూపిస్తా."

నా ఒడిలో డబ్బా ఉంది. నేను నవ్వి, "ఐదేళ్ళు నిండాలి. నియమం పెట్టినవారే తప్పితే ఎట్లా?" అన్నాను. వాతావరణం తేలిక చేశాననుకున్నాను. తన ఎంపికే సరైనదని చూపుకోవాలన్న పంతం కాబోలు, దాన్ని పెంచడం ఎందుకనీ అనుకున్నాను. ఆయన రాసిన పేరేదో శీతకాలమంతా విన్నవాళ్ళం. అందరికీ తెలిసిన పేరును ప్రత్యేకంగా నాకు చూపవలసిన పని ఏముందని నేను ఆలోచించలేదు. మనుమరాలు ఏదో చెప్పబోయింది. ఆయన చేత్తో వారించి, "రూలు రూలే" అన్నారు. నా కళ్ళలోకి చూసి నవ్వారు. ఆ నవ్వు అర్థం కావడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

ఆ సాయంత్రానికి పదకొండవ నాడు ఆయన వెళ్ళిపోయారు. మరి నాలుగు రోజులకు ఆ పిల్ల కంచె దగ్గరకు వచ్చి నిజం చెప్పింది. తాత ఆ చీటీ తెలుగులో రాశాడట. అక్షరాలు తనే నేర్పిందట, నా తరగతి పుస్తకం పెట్టుకుని, ఆరు వారాలు, ఆసుపత్రి మంచం మీద కూడా. ఆ ఒక్క పేరే నేర్చుకున్నాడట. "అన్నీ వద్దు, ఈ పేరు చాలు, మాస్టర్‌జీకి చూపిస్తే చాలు" అన్నాడట. సాధన చేసిన కాగితాలేవని అడిగాను. తల వంచుకుంది. "హీ టోర్ దెమ్ ఆల్ అప్, మాస్టర్. యూ మైట్ సీ దెమ్ అనుకున్నాడు." తప్పులు నా కంట పడతాయని చింపివేశారు. తప్పు లేకుండా రాసినది ఒకటే, అది నా చేతులతో టేపు వేసిన డబ్బాలో ఉంది.

లోపలికి వెళ్ళి, నా దగ్గరున్న ఆ డబ్బానూ కత్తెరనూ తెచ్చాను. "తెరుద్దామా తల్లీ?" అన్నాను. ఆ పిల్ల డబ్బా మీద అరచేయి పెట్టింది. "నో, మాస్టర్. ఫైవ్ ఇయర్స్. రూల్ ఈజ్ రూల్." కఠినంగా అనలేదు. అది తాత ఆఖరి మాటల్లో ఒకటి గనుక అంది. శాస్త్రం పేరిట ఒకరికి నేను నిరాకరించినదాన్ని అదే శాస్త్రం పేరిట నాకు ఒకరు నిరాకరించారు. అందులో అన్యాయం ఏమీ కనబడలేదు.

నాకు ఎనభై దాటింది. గుండెలో రెండు స్టెంట్లున్నాయి. ఐదేళ్ళన్నది ఇక నేను పలకదగిన మాట కాదు. గతజల సేతుబంధనమని ఎందరికో హితవు చెప్పినవాణ్ణి. నాకు ఇప్పుడు కట్టుకోవడానికి ఆ కట్ట కూడా లేదు. ఉదయం ఆరవుతుంది, తలుపు చప్పుడు కాదు. ఆగి ఆగి అర్ఘ్యం విడుస్తున్నాను. జట్టు వచ్చే ఏడాది కోసం ఎదురుచూస్తూనే ఉంది.

నిన్న ఆ డబ్బాను మనుమరాలి చేతికి అప్పగించాను. కాపలాదారు పదవి ఆమెది. తెలుగు వింటే తెలుస్తుంది, మాట్లాడితే ఇంగ్లీషు వస్తుంది, అయినా తాత వేలు పట్టి ఒక పేరు రాయించింది. నేను చేయలేనిది చేసింది.

అమ్మా, ఆ మూత నువ్వు తెరిచేనాటికి నీ చుట్టూ కుర్చీలు నిండుగా ఉండాలి. పేరు పిలిపించుకున్న ఆ కుర్రవాడు ఏ రంగు చొక్కాలోనైనా చల్లగా ఉండాలి. మడత విప్పి చూపినప్పుడు ఆ వంకర అక్షరాలను చూసి నవ్వని కళ్ళు, తడుముకోకుండా చదవగల కళ్ళు, నీవి కాక మరొక జతైనా ఆ గ్యారేజీలో ఉండుగాక.