మా అత్త ఊళ్లో నటులు

మొదటే చెప్పేస్తాను, నాకు ఆమె మీద అసూయ. ఎప్పుడో ఉండేది, వయసుతో తగ్గిపోయింది అని పెద్దమనిషి మాటలు చెప్పను. ఇప్పటికీ ఏ సెమినార్లోనైనా ఎవరైనా ఆమె పరిశోధన గురించి ఎత్తితే నాకు చురుక్కుమంటుంది. పోనీ చెడ్డదా అంటే కాదు. నాకు ఏ హానీ చేయలేదు. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. ఆమె మంచితనమే నా పుండు మీద కారం.

రెండువేలు దాటిన తొలి సంవత్సరాల సంగతి. అనంతపురంలో ఇద్దరం ఒకే గైడు కింద పీహెచ్‌డీలో చేరాం. హాస్టల్లో ఒకే గది. ఆమెది గోదావరి కాలువ పక్క ఊరు. బోరింగు అంటే వీధి చివర చేత్తో కొట్టే పంపు తప్ప ఆమెకు మరొకటి తెలియదు. నేను ఈ నేలమీద పుట్టినదాన్ని. మా మేనత్త ఊరు రాయదుర్గం నుంచి కణేకల్ పోయే దారిలో దిగి లోపలికి నడిస్తే వస్తుంది. కణేకల్ వైపు కాలువ పారుతుంది, వరి పండుతుంది. మా అత్తవాళ్ల మిట్టకు ఆ కాలువ ఎక్కదు. అక్కడ వేసేది చెనిక్కాయ, అంటే వేరుశెనగ, నమ్ముకునేది బోరు.

ఆ ఊరి బోర్ల మీదే థీసిస్ రాయాలని చేరకముందే అనుకున్నాను. మా వాళ్ల బతుకు గురించి ఎవరెవరో వచ్చి రాసుకుపోయారు. ఒక పూట జీపులో తిరిగి, మజ్జిగ తాగి, కరువు గురించి పుస్తకాలేసినవాళ్లు ఉన్నారు. ఈసారి రాసేది నేనే కావాలి. చదువు నుంచి నేను కోరుకున్నది అదొక్కటే. ఉద్యోగం కూడా ఆ తర్వాతే.

ఆ ఏడాది మా గైడు బెంగుళూరులో ఏదో వర్క్‌షాపుకు వెళ్లి సంచినిండా జిరాక్సులతో తిరిగొచ్చారు. మనిషిలో కొత్త హుషారు. యాక్టర్ నెట్‌వర్క్ థియరీ అన్నారు. ఆయన మాకు చెప్పింది ఇది. కరువుకు కారణం ప్రభుత్వమనో, కులమనో, మార్కెట్టనో ముందే తేల్చేసుకుని ఊళ్లోకి దిగొద్దు. ఏది దేన్ని కదిలిస్తోందో చూసి, దాని వెంట నడవండి. మనిషి కదిలిస్తే మనిషిని రాయండి, మోటారు కదిలిస్తే మోటారును రాయండి. దేనివల్ల తేడా వస్తే అది యాక్టర్. స్టార్టరు పెట్టె కాలిపోయినందుకు అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతే, ఆ కథలో స్టార్టరు పెట్టెకు కూడా అన్నదమ్ములతో సమానంగా చోటివ్వండి.

నాకు ఒళ్లు మండింది. మనుషులు ఊళ్లు విడిచి బిల్డింగు పనులకు పోతుంటే ఇనప పెట్టెకు ఈ మర్యాదలేమిటి సార్ అని వాదించాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆమె మాత్రం ఆ జిరాక్సులు అన్నం తింటూ కూడా వదిలేది కాదు. పేజీ మీద సాంబారు మరకలతో సహా చదివింది. ఆమెకు ఇంకా పరిశోధనకు ఊరంటూ దొరకలేదు. "ఇద్దరూ కలిసి మీ మేనత్తగారి ఊరికి వెళ్లి రండి, ఈ పద్ధతి ఎలా పని చేస్తుందో చూడండి" అన్నారు గైడు. నేనే బస్సెక్కించి తీసుకెళ్లాను. నా చేత్తో నేనే.

మా అత్త మా నాయనకు అక్క. నేను పుట్టినప్పటి నుంచి ఎరిగిన ఇల్లు అది. నేను వెళితే ఆమె "వచ్చినావా మే, అన్నం తిను" అంటుంది, అంతే. ఈమె గడపలో అడుగుపెట్టి "నమస్కారమండీ అత్తయ్యగారూ" అనేసరికి అత్త ముఖం వెలిగిపోయింది. ఆ అండీలు, గారులు మా మిట్ట మీద ఎవరు విన్నారు గనక. చెనిక్కాయ చెట్టును చూసి కాయలేవని అడిగింది. నేల కింద ఉంటాయని తెలిసి నోరు తెరిచింది. స్టార్టరు పెట్టె ముందు కూర్చుని, ఈ ఎర్ర బటన్ ఎందుకు, ఆ పచ్చ బటన్ ఎందుకు అని మామను పీక్కుతింది. నీళ్లు చూసేవాడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడని, అది నిలువుగా లేచిన చోట బోరు వేస్తారని మామ చెబితే, ఆయన చేతికి ఒక టెంకాయ ఇచ్చి నడిచి చూపించమంది. నాతో పది మాటలు కలపని మామ, పంచె ఎగ్గట్టి నడిచి చూపించాడు. అత్త పొయ్యి మీద చారు మాడిపోయేదాకా ఆ వేడుక చూస్తూ నిలబడింది.

సాయంత్రం బోరు దగ్గర పదిమంది చేరారు. ఆమె టేపురికార్డరు ఆన్ చేసింది. తను ఏం పరిశోధన చేస్తున్నదీ వాళ్లకు వివరించాలి కదా, యాక్టర్ అనే మాటకు నిఘంటువులో తెలుగు వెతుక్కుని వచ్చింది. మామను చూసి, "మీ బోరు కూడా ఒక నటుడేనండీ మావయ్యగారూ" అంది.

తెలుగులో నటించడమంటే వేషం వేయడమొక్కటే కాదు, లోపల ఒకటి పెట్టుకుని పైకి ఒకటి చూపించడం కూడా. ఆ సంగతి ఆమెకు తట్టలేదు. నాకు తట్టి, ఆమె పరువు పోయిందిలే అని లోపల సంబరపడ్డాను. మామ ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నిజమే పాపా! దీన్ని మించిన నటుడు మన జిల్లాలోనే లేడు. పొద్దున స్విచ్ వేస్తానే ఎగదన్నుతాది. ఇంగ మడి తడిసినట్టే అని నేను గట్టు మీద కూచుంటానా, బీడీ ముట్టించేలోపల గాలి పీల్చుకుంటా ఉంటాది. మూడేండ్లుగా ఇదే నటన!"

పక్క చేను ఆయన అందుకున్నాడు. "చెనిక్కాయ తక్కువ తినిందా? పైన పచ్చగా పట్టుచీర కట్టినట్టుంటాది. పీకి చూస్తే అన్నీ గింజ లేని లొట్టలే."

"మీరు మోడాన్ని మరిచిపోయినారప్పా," అన్నాడు ఇంకొకాయన ఆకాశం వైపు చెయ్యి చూపించి. "ఉరుముతాడు, మెరుస్తాడు, అన్ని డైలాగులూ మన మీద కొట్టి, పోయి కర్ణాటకలో కురుస్తాడు."

ఇంక ఆగలేదు. ట్రాన్స్‌ఫార్మరు, లైన్‌మన్, టెంకాయ, విత్తనాల దుకాణం, బోరు లారీ, ఎవరెవరు ఎలా నటించారో వరసగా చెప్పుకొచ్చారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుల మధ్యలోనే ఏ బోరు ఏ బోరును ఎండబెట్టిందో, లైన్‌మన్ రాని రోజున ఎవరు ఎవరి గడప తొక్కారో, అంతా బయటికి వచ్చింది. మా గైడు చెప్పిన నెట్‌వర్క్, ఒకదానికొకటి ముడిపడిన అల్లిక, అదే. నేను చిన్నప్పటి నుంచి తిరిగిన చేలల్లో నాకు ఎవరూ చెప్పని సంగతులు, నిన్న మొన్న వచ్చిన పిల్ల టేపులోకి దొర్లుతున్నాయి.

కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఇంక ఓర్చుకోలేక మధ్యలో దూరాను. "మామా, నటుడు కాదు, ఆ మాట తప్పు. కర్త అనాల. పని చేసేది ఏదో అది కర్త. బోరు కూడా ఒక కర్త."

నవ్వు ఆగిపోయింది. మామ బీడీ కింద పడేసి చెప్పుతో నలిపాడు.

"కర్త అంటే తలకొరివి పెట్టేవాడు గదమ్మా," అన్నాడు. "పారే బోరు కాడ ఆ మాట ఎందుకులే."

ఆ రెండు మూడేళ్లలో చుట్టుపక్కల ఊళ్లలో, బోర్లెండి పురుగుమందు తాగిన నాయనలకు కొరివి పెట్టిన మీసాలు రాని కర్తలు ఎక్కువయ్యారు. అక్కడ కూర్చున్నవాళ్లలో ఒకాయన తమ్ముడి కొడుకు కూడా వాళ్లలో ఉన్నాడు. ఒకరు ఆవును తోలుకు రావాలన్నారు, ఒకరు పొద్దుపోయిందన్నారు. అందరూ లేచిపోయారు. వ్యాకరణం ప్రకారం నాది ఒప్పు, ఆమెది తప్పు. ఆ తప్పు మాటకు ఊరంతా నోరు విప్పింది. నా ఒప్పు మాటకు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయింది. దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుని "నువ్వు కావాలని అన్నావా ఏంటి, బాధపడకు" అంది. చెయ్యి విదిలించుకోవాలనిపించింది గానీ విదిలించలేదు.

అనంతపురం వచ్చాక గైడుకు క్యాసెట్టు వినిపించాం. నటుడు అన్న మాట దగ్గర ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "చూశావా, ఆ మాట కూడా యాక్టరే! అది వచ్చి ఊరివాళ్ల మాటను దారి మళ్లించింది" అన్నారు. చూశావా అన్నది ఆమెతో. కర్త దగ్గర కూడా ఆగి, ఇదీ బాగుంది అన్నారు, అయితే అది కూడా ఆమె పరిశోధనలోనే ఒక భాగమన్నట్టు మాట్లాడారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. ఒకే ఊరి మీద రెండు థీసిస్‌లు కుదరవు. ఇద్దరూ డిపార్ట్‌మెంటులో చెరొక పేపరు చదవండి, ఎవరిది బాగుంటే ఆ ఊరు వాళ్లది.

మా అత్త ఊరు. దానికి పోటీ! నేరుగా లైబ్రరీకి పోయి కూర్చున్నాను. నేను వెక్కిరించిన ఆ జిరాక్సులే తెచ్చుకుని పట్టుదలగా చదివాను. చదివేకొద్దీ అవి మంచివేనని తెలుస్తుంటే మరింత కోపం వచ్చింది. అయినా రాశాను. ఆమెను ఓడించి తీరతానన్నంత బాగా రాశాననే అనుకున్నాను.

పేపర్లు చదవాల్సిన రోజుకు ముందు ఆమె గైడు గదికి వెళ్లి చెప్పేసింది. "అది తనవాళ్ల ఊరు సార్. నాకు తాడిపత్రి ఇవ్వండి, అక్కడ బండలు పాలిష్ చేసే మిషన్ల మీద పని చేస్తాను." గదికి వచ్చి నాకు అదే చెప్పి, తన క్యాసెట్లన్నీ నా మంచం మీద పెట్టింది. "ఇవి నీకు పనికొస్తాయి" అంది.

థాంక్స్ అన్నాను. గెలిచి తీసుకుందామనుకున్నదాన్ని నా ఒళ్లో దానంగా పడేసింది. ఓడించే అవకాశం కూడా ఇవ్వలేదు. ఆమె తాడిపత్రి బస్సెక్కుతుంటే బస్టాండుకు వెళ్లి చెయ్యి ఊపి వచ్చాను.

ఇప్పుడు ఊరు నాదే. కొత్త టేపురికార్డరు కొనుక్కుని వెళ్లాను. గడపలోనే అత్త నా వెనక్కి చూసింది.

"ఆ పాప రాలేదా మే?"

తాడిపత్రికి బండల మిషన్ల పని మీద పోయిందన్నాను.

"ఆడ బండల దుమ్మంట గదా. మూతికి గుడ్డ కట్టుకోమని చెప్పు."

చెబుతానన్నాను. బోరు గురించి మామను అడిగితే "నీకు తెలీనిదా" అన్నాడు. పక్క చేను ఆయన్ని అడిగితే "మీ మామ చెప్పలేదా" అన్నాడు. మధ్యాహ్నం అత్త నడవాలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. చాట పక్కన టేపు పెట్టి, బోరు వేసినప్పటి సంగతి మొదట్నుంచి చెప్పమన్నాను.

"బోరు వేసినప్పుడు నువ్వు ఈడ్నే ఉంటివి గదా. టెంకాయ కొడితే చిప్ప నీకే ఇస్తిమి."

"టేపు కోసం చెప్పత్తా."

"టేపుకు చెప్పేది ఏముండాది. వేసినాము. నీళ్లు పడినాయి. పోయినాయి."

ఇంక నా వల్ల కాలేదు. "ఆ పాపకైతే చారు మాడిపోయేదాకా చెప్పినారు కదత్తా! ఆ పాప నీకేమవుతాది? నేను నీ తమ్ముని బిడ్డను. నాకెందుకు చెప్పరు?"

నా గొంతు పెరిగింది. అత్త ఒలిచే చెయ్యి ఆపింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు.

"ఆ పాప అడుగుతాంటే యాడనో ఎవరికో జరిగిన కత మాదిరి ఉంటాండె. చెప్పుకొని నగుతాంటిమి," అంది. "నువ్వు అడిగితే అది మాకు జరిగినట్టుంటాది. నీ ముందర నగేకి రాదు మే."

మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. టేపు తిరుగుతోంది. ఆ పిల్ల ఇచ్చిన క్యాసెట్లన్నీ నేను విన్నాను, వాటిలో ఎక్కడా ఈ మాట లేదు. ఆమె దగ్గర లేనిది ఒకటి నా దగ్గర ఉందని సంతోషపడబోయాను. సంతోషం రాలేదు. టేపు ఆపేసి, చాట దగ్గరికి జరిగి నేనూ ఒక గుప్పెడు కాయలు తీసుకున్నాను.

"నిలిపేసినావా?" అంది అత్త.

"నిలిపేసినా."

అప్పుడు చెప్పింది. బోరు వేసిన రోజు నుంచి అది గాలి పీల్చడం మొదలుపెట్టిన రోజు దాకా, ఆ తర్వాత మామ మంచం పట్టి ఎవరితోనూ మాట్లాడని నెలలు, పురుగుమందు డబ్బాలు తను ఎక్కడెక్కడ దాచిపెట్టిందీ, అన్నీ. చాట నిండేదాకా చెప్పింది. థీసిస్‌లో నేను అందులోంచి ఒక్క వాక్యం కూడా పెట్టలేదు. ఆ మాటలు నాకే చెప్పిందని, ఇంకెవరికీ చెప్పలేదని నాకు తెలుసు. తెలిసి కూడా అప్పుడప్పుడూ ఆ పిల్ల ఇచ్చిపోయిన పాత క్యాసెట్టు పెట్టుకుని వింటాను. అందులో మా అత్త నవ్వుతుంది. ఆ నవ్వు నాకు కావాలి.