ఒంటి తుమ్ము లక్ష్మీపతి

మా మరిది లక్ష్మీపతికి ఒక్కటే జబ్బు. ఇంటికొచ్చిన మనిషి గడప దాటబోతుంటే తుమ్ముతాడు. అదీ ఒక్కసారే. రెండోది కూడా తుమ్మితే శకునం మంచిదై ఆ మనిషి హాయిగా వెళ్ళిపోవచ్చు కదా, ఆ రెండోది మాత్రం చచ్చినా తుమ్మడు.

ఈ జబ్బు మామూలు ఇంట్లో ఉంటే లోకానికి నష్టం లేదు. ఈయన ఉండేది గెస్ట్‌హౌస్‌లో! అమెరికాలో, జార్జియాలోని అల్ఫారెట్టా నుంచి గంటన్నర డ్రైవ్ చేస్తే మేకలు, బెండతోట, గోంగూర మడులు, మధ్యలో ఓ చెక్క ఇల్లు. కొడుకు శశికాంత్, కోడలు విద్య కొన్నారు. శశికాంత్ వారమంతా ఆఫీస్‌లోనే. బుకింగులు విద్యవి, మేకలు లక్ష్మీపతివి. వేసవి వస్తే వంట నాది. ఎక్కడో ఉత్తరాన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అబ్బాయింట్లో పగలు నాతో మాట్లాడేది డిష్‌వాషర్ ఒక్కటే, అందుకని ఇక్కడికొచ్చి పడతాను.

ఒకసారి తలుపంత వెడల్పున్న అమెరికా ఆయన వచ్చాడు. వెళ్ళేటప్పుడు మావాడు తుమ్మాడు. ఆయన "బ్లెస్ యూ" అని కారెక్కబోయాడు. లక్ష్మీపతి నీళ్ళ గ్లాసు పట్టుకుని వెనకాలే పరుగు.

"సర్! సిట్! డ్రింక్! దెన్ గో!"

పాపం, ఆయన ఏ గుళ్ళో చూశాడో, అది తీర్థమనుకుని కళ్ళకద్దుకుని తాగి, తడిచెయ్యి తలకి రాసుకున్నాడు.

ఇంకో ఆవిడ ఇంటికెళ్ళాక అలర్జీ మాత్రలు పోస్టులో పంపింది. లక్ష్మీపతి ఆ డబ్బాని ఆటల్లో గెలిచిన కప్పులా షెల్ఫ్ మీద పెట్టుకున్నాడు.

ఓ రోజు విద్య ఫోన్ పట్టుకుని వచ్చింది.

"మావయ్యా, చూడండి ఏం రాశారో. ప్లేస్ బాగుంది, పెసరట్టు ఇంకా బాగుంది, హోస్ట్ వెళ్ళనివ్వడు! ఇంకొకాయన మీవల్ల ఫ్లైట్ మిస్సయ్యాడట. ఇంకొక్క కంప్లైంట్ వస్తే మన పేరు వెబ్‌సైట్‌లోంచి తీసేస్తారు. తర్వాత మేకలతో సహా అన్నీ అమ్ముకోవడమే."

"తుమ్ము నా చేతిలో ఉంటుందామ్మా?"

"చేతిలో లేదు, ముక్కులో ఉంది. పట్టుకోండి. గౌరి మీద ఒట్టు వెయ్యండి."

గౌరి అంటే ఆయన ముద్దుల మేక. కొడుకు మీద వెయ్యమంటే అప్పుడే వేసేసేవాడు. మేక మీద అనేసరికి ముఖం సున్నం కొట్టినట్టయింది. అయినా వేశాడు.

అది మొదలు ముక్కు రెండు వేళ్ళతో మూసుకుని సాగనంపడం. "మళ్ళీ రండి" అన్నది "బళ్ళీ రండి" అని వచ్చేది. నేను పమిట అడ్డం పెట్టుకుని నవ్వలేక చచ్చాను.

అలా ఉండగా ఒక శనివారం ఫణికుమార్, రేణు అని కొత్త దంపతులు వచ్చారు. చెక్కగోడల ఇల్లు, దాచుకుందామన్నా ఏదీ దాగదు. ఆ పిల్ల వంట గురించి అబ్బాయి వాళ్ళమ్మతో ఫోన్‌లో ఏదో వాగాడట, స్పీకర్ ఆన్‌లో ఉందట. మహానుభావుడు!

తెల్లారేసరికి రేణు ఒక్కతే బ్యాగుతో, కారు తాళాలతో వరండాలోకి వచ్చింది.

"వెళ్తున్నానాంటీ. ఫణిని క్యాబ్ బుక్ చేసుకోమనండి."

వెళ్ళొస్తాను అనలేదు, వెళ్తున్నాను అంది. మా మట్టిరోడ్డుకి క్యాబ్ రాదని చెబుదామనుకుంటూ లక్ష్మీపతి వైపు చూశాను. ముక్కు పట్టుకుని, ముఖం పండుమిరపకాయలా చేసుకుని వణుకుతున్నాడు.

"భేష్, బాగా ఆపుకుంటున్నావే," అన్నాను మెల్లిగా.

"వదిడా," అని గొణిగాడు, ముక్కు వదలకుండానే. "ఆ పిల్ల కళ్ళు చూడు. రాత్రంతా దిద్ర లేదు. బంచిడీళ్ళు ముట్టలేదు. ఆ ఏడుపుతో హైవే ఎక్కుతుంది. డాకు ఒట్టుంది. డీకు లేదుగా!" అని రెండో చేత్తో నన్ను చూపించాడు.

అప్పుడు వెలిగింది. తీర్థం తాగిన ఆయన కొత్తగా భార్య పోయి, పళ్ళెంలో చెయ్యి పెట్టని మనిషి. ఫ్లైట్ మిస్సయినాయన అంతకు ముందే వైన్ సీసా ఖాళీ చేసి తూలుతున్నాడు. పిల్లాపాపలతో నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళకి లక్ష్మీపతి ఏనాడూ తుమ్మలేదు, మేకపాలు చేతిలో పెట్టి తోసేసేవాడు. ఆ ముక్కు గోలలో కళ్ళు చేసే పని ఎవరు చూడొచ్చారు!

రేణు మెట్టు దిగుతోంది. నేనా, జన్మలో ఎవరికీ అడ్డం తుమ్మినదాన్ని కాను.

"హా...ఛ్ఛే!"

అది తుమ్ములా లేదు. దొడ్లోంచి గౌరి "మే" అని బదులు పలికింది.

రేణు ఆగింది. "ఆంటీ... అది తుమ్మా?"

"కాకపోతే పాటా? ఒంటి తుమ్ము. కూర్చుని మంచినీళ్ళు తాగు."

"నాకివన్నీ నమ్మకం లేదాంటీ."

"నీ నమ్మకం ఎవరడిగారమ్మా? తుమ్మింది నేను. నీకేమన్నా అయితే పాపం నాకు చుట్టుకుంటుంది. నా కోసం కూర్చో."

నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి పిల్లకి. కూర్చుంది. నీళ్ళ వెనక పెసరట్టు వచ్చింది, పెసరట్టు వెనక నిద్ర వచ్చింది. ఉయ్యాలబల్ల మీదే ఒరిగిపోయింది. విద్య లోపల్నుంచి దూసుకొచ్చి మావగారిని ఉరిమి చూసింది. ఆయన రెండు చేతులూ పైకెత్తి, "నేను కాదు, మీ పెద్దత్తయ్య!" అన్నాడు.

ఫణికుమార్ వచ్చి, చప్పుడు చెయ్యకుండా మెట్టు మీద కూర్చుని, మా విసనకర్రతో ఈగలు తోలాడు. ఆ పిల్ల లేచాక ఇద్దరూ ఇంగ్లీషులో గుసగుసలాడుకున్నారు. నాకు సారీ అన్న ముక్క ఒక్కటే అర్థమైంది. కావలసిందీ అదే.

కారు దగ్గర రేణు వెనక్కి తిరిగి, "ఆంటీ, రెండోది?" అంది.

తుమ్మాను. గౌరి కూడా పలికింది.

"వెళ్ళొస్తామాంటీ!"

వాళ్ళు ఐదు స్టార్లు ఇచ్చి, కింద "పెసరట్టు తినండి, వెళ్ళేటప్పుడు ఆంటీతో తుమ్మించుకోండి" అని రాశారు. ఇప్పుడు ఫోన్ చేసినవాళ్ళు గదికంటే ముందు తుమ్ము ఉందా అని అడుగుతున్నారు. విద్య తనే వచ్చి, "మావయ్యా, ఒట్టు తీసి గట్టున పెట్టేశాను," అంది. గౌరికి ఆ పూట రెండు మోపులు ఎక్కువ పడ్డాయి.

వేసవి అయిపోయి నిన్న నేను బయల్దేరాను. పెట్టె వరండాలోకి వచ్చిందో లేదో, "హాఛ్!"

"నేను కడుపునిండా తిన్నాను, గుర్రుపెట్టి పడుకున్నాను. నాకెందుకయ్యా?"

"ఇది నిజం తుమ్మే వదినా. పుప్పొడి."

"అయితే రెండోది కానియ్యి."

"రావట్లేదు," అన్నాడు ఎటో చూస్తూ. ఈ జార్జియా పుప్పొడి కళ్ళలోకి కూడా పోతుంది కాబోలు.

"పెద్దత్తయ్యా, ఫ్లైట్!" అంది విద్య.

"కంగారు పడకు. మీ మావగారి ముక్కు సంగతి తెలిసే గంట ముందు లేచాను," అని చెప్పులు విప్పి కూర్చున్నాను. "నీళ్ళు వద్దయ్యా లక్ష్మీపతీ, కాఫీ తే."