పులుసు గిన్నెలో సముద్రపు తల్లి

నా చిన్నప్పుడు, మనవాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ తంజోంగ్ పగార్ రేవు దగ్గర, మా పక్కింట్లో క్యూబా ఆంటీ ఉండేది. ఓడల్లో పనిచేసే మన తెలుగాయన క్యూబాలో ఆమెను పెళ్లి చేసుకుని, తీసుకొచ్చి వాళ్లమ్మకు అప్పగించి మళ్లీ ఓడెక్కాడు. ఆమెకు వచ్చిన తెలుగంతా అత్తగారి తిట్లలోంచి ఏరుకున్నదే.

ఆంటీ గదిలో మేరీమాత పటం, దాని కింద మూత ఉన్న పెద్ద పింగాణీ గిన్నె ఉండేవి. గిన్నెలో నీళ్లు, నల్లటి గులకరాళ్లు. అసలు దేవత ఆ రాళ్లేనని ఒకరోజు నాకు మాత్రమే చెప్పింది. ఆమె పూర్వీకులు ఆఫ్రికాలో యొరూబా జాతి వాళ్లు. వాళ్లను బానిసలుగా క్యూబా చెరకు తోటలకు పట్టుకొచ్చిన దొరలు వాళ్ల దేవుళ్లను కొలవనివ్వలేదట. అందుకని పైన దొరల మేరీమాతను పెట్టి, కింద గిన్నెలో తమ సముద్రపు తల్లి యెమాయాను దాచుకున్నారు. దొరలు ఒక్కనాడూ పసిగట్టలేదని చెబుతూ ఆంటీ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

వాళ్లు కొత్త ఫ్లాట్‌కు మారే రోజు అత్తగారు పటాన్ని కళ్లకద్దుకుని పాత చీరలో చుట్టింది. తర్వాత గిన్నె మూత తీసింది.

"ఇంత మంచి పులుసు గిన్నిలో రాళ్లేటే పిల్లా!" అంటూ వాటిని వాన నీళ్లు ఉరకలేస్తున్న కాలువలో కుమ్మరించేసింది.

పాపం, ఆవిడకేం తెలుసు? ఆంటీ కాలువ వైపు పరుగెత్తింది. ఇన్ని తరాలు ఎవరికీ చెప్పకుండా కాపాడుకున్నదాన్ని అప్పటికప్పుడు ఏమని చెబుతుంది? ఇద్దరం కాలువలోకి దిగి చేతులతో దేవులాడాం. బురద తప్ప ఏమీ దొరకలేదు. నాకు ఏడుపొచ్చింది.

"కాలువ సముద్రంలోకే కదా ఆంటీ వెళ్లేది," అన్నాను.

"ఆ తల్లి వెళ్లిపోతుంది, నేను ఇక్కడే ఉండిపోయాను కదా," అంది ఆంటీ.

గట్టు మీద కూర్చుని, నా అరచేతిలో వేళ్లతో ఒక దరువు మొదలుపెట్టింది. ఆ తల్లిని పిలిచే దరువట. సగంలో ఉండగా లారీ వచ్చిందని అత్తగారు కేకేసింది. ఆంటీ లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఆమెను చూడలేదు.

ఇప్పుడు అదే ఊళ్లో, సెరంగూన్‌లో మా మనవరాలి చేతిలో ఆ దరువు వేస్తుంటాను. "దెన్ వాట్, అమ్మమ్మా? ఫినిష్ లా!" అని, మిగతాది కూడా వేయమని విసుక్కుంటుంది. ఎంత దాచుకోవలసినదైనా ఇంట్లో ఒక్కరికైనా పూర్తిగా చెప్పి ఉంచాలని నాకు ఆ రోజే తెలిసింది. తెలిసి ఏం లాభం, చెప్పడానికి నా దగ్గర సగమే ఉంది.