బంగ్లా తలుపు అడిగిన ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నాను: నేను గోరంతను కొండంత చేసే మనిషిని. నిజంగానే కొండ దొరికితే దాని మీద ఇంకో కొండ ఎక్కించి, పైన ఒక జెండా కూడా పాతుతాను. మా ఇంట్లో కనిపించిన ఎలుక వీధి మలుపు తిరిగేసరికి పందికొక్కు అవుతుంది, బస్టాండు చేరేసరికి చిరుతపులి అవుతుంది. కనుక ఇది చదివేవాళ్లు కొంత తరుగు తీసి చదువుకోవాలి. ఎక్కడ తీయాలో చివర్లో నేనే చెబుతాను.

పోయినేడు నల్గొండలో ఒక కాలేజీ వాళ్లు పిల్లలకు క్రికెట్ క్విజ్ పెట్టి, ప్రశ్నలు అడగడానికి నన్ను పిలిచారు. ఇవాళ్టి ఆట గురించి కాదు, ఆట పుట్టిన కొత్తల్లోని, ఎవరికీ పట్టని సంగతులు అడగమన్నారు. కుర్చీలు చాలక ప్యూను పక్కనున్న సామాను గది తలుపు తెరిచాడు. పాత కట్టె, తడిసిన సున్నం, గబ్బిలాల రెట్ట కలగలిసిన ఒక కంపు గుప్పున వచ్చి నా ముఖానికి కొట్టింది. చేతిలో ప్రశ్నల కాగితం అలాగే ఉంది కానీ, దాన్ని పట్టుకున్న నాకు ఒక్కసారిగా పదకొండేళ్లు వచ్చేశాయి.

కల్వకుర్తి నుంచి అచ్చంపేట పోయే దారిలో, రోడ్డు దిగి కొంత నడిస్తే మా ఊరు. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా. దేవుడు లోకమంతా కట్టాక మిగిలిన బండలన్నీ మా ఊరి మీద కుమ్మరించి చేతులు దులుపుకున్నాడని మా అవ్వ అనేది. ఏనుగంత బండ మీద ఇల్లంత బండ, దాని మీద ఈగ వాలినా పడిపోయేట్టు ఇంకో బండ ఉండేవి. ఎండాకాలం మధ్యాహ్నం వాటి నుంచి పెనం మీది రొట్టెలా వేడి లేచేది. వానాకాలం వాటి సందుల్లోని సీతాఫలం చెట్లు చిగురించేవి. దసరాకి ఆ పండ్లు పగిలి, మేము వేళ్లన్నీ జిగటగా, మూతులన్నీ తెల్లగా, జేబుల నిండా నల్లగింజలతో తిరిగేవాళ్లం. బతుకమ్మ సద్దుల నాడు ఇంటింటా పంచే మలీద ముద్దలు, నువ్వుల పొడి కలిపిన సత్తుపిండి ఆ జేబుల్లోనే పడి గింజలకు అంటుకునేవి, మేము రెంటినీ కలిపే నమిలేవాళ్లం.

ఇన్ని బండల మధ్య నాలుగు అడుగులు పరిగెత్తగలిగే చదును జాగా ఒక్కటే ఉండేది. అది ముసాఫిర్ బంగ్లా వెనకాల ఉండేది. ఎప్పుడో తెల్లదొరలు అడవికి వేటకు పోతూ అందులో దిగేవారట. మా నాటికి పెంకులు జారి, వరండా దూలాలకు వెయ్యి గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ ఉండేవి. వరండా చివర, పెద్ద బండగుండును ఆనుకుని, ఒక తలుపు ఉండేది. నల్లటి టేకు తలుపు, గొళ్లెం పెట్టి ఉండేది. దాన్ని తెరిచినవాళ్లను చూసినవాళ్లు ఊళ్లో లేరు.

బంగ్లాకు కాపలా దావీదు తాత. పక్క వాడలో ఉండేవాడు. ఐతారం చర్చి ప్రార్థన అయ్యాక, గంజి పెట్టిన తెల్ల చొక్కాతోనే వచ్చి వరండాలో కూర్చునేవాడు. చదువు రాదు, జీతం కాగితం మీద వేలిముద్ర వేసేవాడు. క్రికెట్ బ్యాట్ ఎప్పుడూ పట్టలేదు. మేము మంచం కోడుతో చేసిన బ్యాటూ, కార్కు బంతీ పట్టుకుని వెళ్లి ఎదురుగా నిలబడగానే లేచి, ఆ తలుపు దగ్గరకు నడిచి, చెవి ఆనించి, చాలాసేపు వినేవాడు. తర్వాత మా వైపు తిరిగి, "దొర అడుగుతుండు" అనేవాడు.

అడిగిందానికి సరిగ్గా జవాబు చెబితే ఆ రోజు జాగా మాది. తప్పితే బ్యాటు చంకన పెట్టుకుని ఇళ్లకు పోవాలి, మళ్లీ ఐతారం దాకా అటు రాకూడదు. ఊళ్లో పెద్దవాళ్లు కూడా ఈ కట్టుబాటుకు ఎదురు చెప్పేవాళ్లు కాదు. ఎందుకని అడిగితే మాట మార్చేవాళ్లు.

మొదటిసారి ప్రశ్న మాకు నవ్వు తెప్పించింది. "ఎన్కట ఎన్ని కట్టెలు పాతేటోళ్లు?"

"మూడు తాతా!" అని అందరం అరిచాం.

ఆయన పోయి తలుపుకు ఆ మాట చెప్పి, విని, వచ్చాడు. "రెండేనట. పోండ్రి ఇండ్లకు."

"గదేందే తాతా? రెంటి నడిమిట్లకెల్లి బంతి పోతే?"

"పోతే పోయినట్టేనట. గట్ల పోయి పోయి కొట్లాటలైనంక మూడోది పాతిన్రట."

ఇంకో ఐతారం: కట్టెల వెనక నిలబడేవాడి వేళ్లు ఎందుకు విరిగేవి? గిల్లీదండా లాంటి మా చిర్రగోనె ఆట అనుభవమంతా తిరగేసినా జవాబు దొరకలేదు. దొర చెప్పింది ఏమిటంటే, ఆ రోజుల్లో రెండు కట్టెల మధ్య చిన్న గుంత తవ్వేవారట. పరిగెత్తేవాడు బ్యాటు ఆ గుంతలో పెట్టాలి, ఆపేవాడు బంతి అందులో పెట్టాలి, ఎవరు ముందైతే వాళ్లు గెలిచినట్టు. బ్యాటు వచ్చేసరికి చెయ్యి గుంతలో ఉంటే అంతే సంగతి. ఇది చెబుతూ దావీదు తాత తన చేతిని వెనక్కి లాక్కుని, "దొరయి గూడ రెండు పోయినయట" అన్నాడు మెల్లగా. మేమంతా చేతులు చంకల్లో దాచుకున్నాం.

పెద్దయ్యాక ఒక లావుపాటి పుస్తకంలో ఇవన్నీ వెతికాను. తలుపు చెప్పినవాటిలో ఒక్కటీ తప్పు లేదు.

ఇప్పుడు పెంటయ్య సంగతి చెప్పాలి. వాళ్లది గొర్ల మంద ఉన్న ఇల్లే, కానీ కరువు వచ్చి మంద పోయింది. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, వీడు పుట్టగానే పెంటకుప్ప మీద ఒకసారి దొర్లించి తెచ్చి పెంటయ్య అని పిలిచారు. అలాంటి పేరు వింటే చావు కూడా ముక్కు మూసుకుని పక్క ఇల్లు చూసుకుంటుందని మా వైపు నమ్మకం. అసలు పేరు వేరే ఉంది. వాళ్లమ్మ చెవిలో మాత్రమే చెప్పిన పేరది, బయట ఎవరూ పలకకూడదు. సగం సీతాఫలానికి ఆశపడి వాడు దాన్ని నాకు ఒక్కడికే చెప్పాడు.

పరాయి వాళ్ల మేకలు తోలుకుని పోయేవాడు కనుక వాడు వచ్చేసరికి ఆట అయిపోయేది. అప్పటిదాకా వాడు బ్యాటు పట్టింది లేదు. దీపావళి వెళ్లగానే మేస్త్రి లారీ వచ్చి, వాడి ఇంటిల్లిపాదినీ దూరదేశం కాలువ పనికి తీసుకుపోవాలి. లారీ సోమవారం పొద్దున వస్తుందని తెలిసింది. ముందు రోజు ఐతారం. ఆ రోజు మేకలను చెల్లెలికి అప్పజెప్పి వచ్చాడు. మొదటి బ్యాటింగు వాడిదేనని అందరం ఒట్టు పెట్టుకున్నాం, తలుపు ఒప్పుకుంటే.

దావీదు తాత చెవి ఆనించి వచ్చి అడిగాడు. "కాయితం లేదు, పలక లేదు. కొట్టిన పరుగులు ఎట్ల యాదికి పెట్టుకుంటుండె?"

పెంటయ్య చేతిలోని మేకల కర్ర చూపించాడు.

"కట్టెకు గాట్లు వెడుతుండె. పదోది జర లోతుగ."

"నీకెట్ల తెల్సురా?"

"మా తాత గొర్లను గట్లనే ఎంచుతుండె. ఇంకెట్ల ఎంచుతరు?"

దావీదు తాత తలుపు వైపు నడిచాడు. ఇంకా నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నాడు. లోపలి నుంచి తట్టిన చప్పుడు వినిపించింది. ఒకటి, రెండు, మూడు... మెల్లగా, గోటితో తట్టినట్టు తొమ్మిది. పదోది మాత్రం తలుపు అదిరేట్టు గట్టిగా. దూలాలకున్న గబ్బిలాలన్నీ పట్టపగలే ఒక్కసారి లేచి, నల్లగా తిరిగి, మళ్లీ వేలాడాయి.

ఆయన తిరిగి వచ్చినప్పుడు చొక్కాకు పెట్టిన గంజంతా చెమటకు మెత్తబడి ఉంది. "జవాబు సరిగ్గుందట. చెప్పిన పోరని పేరు అడుగుతుండు."

"పెంటయ్య!" అన్నాం.

పోయాడు, చెప్పాడు, విన్నాడు, వచ్చాడు. "గది కాదట. అసలుది చెప్పుమంటుండు. చెప్పకుంటే ఆట లేదట."

పెంటయ్య నా వైపు చూశాడు. తల అటూ ఇటూ కొద్దిగా, నాకు మాత్రమే కనిపించేంతగా ఊపాడు. మిగతావాళ్లు, "అరే చెప్పుండ్రిరా, పొద్దువోతాంది" అని తొందర పెడుతున్నారు. రేపు వీడు లారీ ఎక్కుతాడు, ఇవాళ ఆడకపోతే ఇక ఎప్పుడు ఆడతాడు అనుకున్నాను. ఆ ఒక్కటే అనుకుని ఉంటే బాగుండేది. నాకొక్కడికే తెలిసిన సంగతి పది మంది ముందు చెప్పాలన్న కుతి కూడా నా నాలుక మీద ఉంది. ఊళ్లో నన్ను గప్పాలోడు అనేవాళ్లు. పలికిన ప్రతి మాటకూ ఏదో ఒకటి తగిలించేవాణ్ణి. ఆ పేరు మాత్రం ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం కూడా కలపకుండా చెప్పాను.

లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. దావీదు తాత, "ఆడుకోండ్రి" అని వరండా దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ వరండాలో ఆయన కూర్చోగా మేము చూడలేదు.

పెంటయ్య ఆడాడు. మేకల కర్రతో గొర్రెల దొడ్డి వాకిలి కాచినట్టు వంగి నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ బ్యాటుతో బాదాడు. ఒక బంతి శ్రీశైలం దాకా పోయి, అక్కడి స్వామి దర్శనం చేసుకుని మూడో రోజు తిరిగి వచ్చింది. పరుగు తీసిన ప్రతిసారీ చిన్న కత్తితో కర్రకు గాటు పెట్టుకున్నాడు. బండల మీద ఎండ ఎర్రబడేదాకా వాడిని ఎవరూ అవుట్ చేయలేదు. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు చెప్పకుంటే ఆట పోతుండె గదరా. ఏం గాదు తియ్యి."

తెల్లారి లారీ ఎక్కారు. కుండలు, విసుర్రాయి, గంపలో రెండు కోళ్లు, అన్నిటి మీద వాడు.

మృగశిర కార్తెలో, మిరుగం వానలకు లారీ తిరిగి వచ్చింది, వాడు రాలేదు. చురుకైన పోరడని మేస్త్రి తన దగ్గరే ఉంచుకున్నాడని విన్నాను. ఆరేళ్ల కింద నల్గొండ బస్టాండులో, "ఏందిరో గప్పాలోడా, ఇంక బతికే ఉన్నవా?" అని ఎవరో వెనక నుంచి వీపు మీద చరిస్తే తిరిగి చూశాను. వాడే. బాన పొట్ట, తెల్ల చొక్కా, పక్కన కాలేజీకి పోయే ఇద్దరు కూతుళ్లు. నాకు చాయ్ తాగించాడు, బస్సు కదిలేదాకా కిటికీ వదల్లేదు.

ఇప్పుడు మా రాష్ట్రం మాకు వచ్చింది, మా జిల్లాకు కొత్త పేరు వచ్చింది. బంగ్లా జాగాలో ప్లాట్లు చేసి, రంగు వేసిన హద్దురాళ్లు పాతారు. పిల్లలు డబ్బు కట్టి వల కప్పిన చోట ఆడుతున్నారు. జవాబు తెలియకపోతే ఫోను అడుగుతున్నారు, ఫోను వాళ్ల పేరు ముందే తెలుసుకుని ఉంది. దావీదు తాత చర్చి వెనకాల సమాధుల మధ్య పడుకున్నాడు. బంగ్లా కూల్చేరోజు నేను వెళ్లాను. జేసీబీ అబ్బాయి ఆ తలుపును పెకిలించి పక్కన పడేశాడు. వెనక గది లేదు. చెయ్యి పట్టేంత సందు కూడా లేదు. గుండు ఉంది, అంతే. తలుపు చట్రాన్ని నేరుగా బండకు బిగించి ఉంచారు.

మాట ఇచ్చాను కనుక చెప్పాలి. గబ్బిలాలు వెయ్యి కాదు, నలభై ఉంటాయి. బంతి శ్రీశైలం పోలేదు, తుమ్మకంప దాకా పోయింది. తలుపు, చప్పుడు, బండ, వీటిలో నేను కలిపింది ఏమీ లేదు. కల్పించింది మేస్త్రి ఉంచుకున్నాడన్న మాట, బస్టాండు. ఆ పొట్ట, ఆ కూతుళ్లు, ఆ చాయ్, అన్నీ ఇన్నేళ్లుగా కొద్దికొద్దిగా నేనే పెంచుకున్నాను.

మిరుగానికి లారీ వచ్చినప్పుడు వాళ్లమ్మ దిగింది. కాలువ కట్ట మీది మట్టిపెళ్ల విరిగి మీద పడి కొడుకు పోయాడని అప్పటికే ఊరంతా తెలుసు. లారీ చుట్టూ మూగిన పిల్లల్లో నన్ను వెతుక్కుని వచ్చింది.

"కొడుకా, మా పెంటిగాన్ని అసలు పేరువెట్టి ఈడ ఎవ్వలన్న పిలిచిన్రా?"

"ఎవ్వలు పిల్వలే చిన్నమ్మా" అన్నాను.

ఆమె నా తల నిమిరింది. "నువ్వు వాని దోస్తువు, నీకు తెల్వకుంట ఎట్ల వోతది. అయితే ఇంకేందో అయ్యుంటది బిడ్డా" అని, కుండలు దింపుకోవడానికి లారీ దగ్గరకు తిరిగి వెళ్లింది.