నొప్పి మాత్రలూ, మా ఆవిడ స్కూటరూ

ఈ ఉదయం స్కూటరు సర్వీసింగు కోసం మెకానిక్ మా ఇంటికే వచ్చాడు. సీటు పైకెత్తి, డిక్కీలో పరిచిన రబ్బరు షీటు లాగి దులిపేసరికి అందులోంచి వెండిరంగు రేకు ఒకటి రాలిపడింది. పది గుంటలూ పగిలి, నలిగిపోయిన ఖాళీ మాత్రల అట్ట. "మేస్టారూ, ఇది పారెయ్యమంటారా, ఏవన్నా పనికొచ్చేదా?" అంటూ నా చేతిలో పెట్టాడు. పాతదే, మూడేళ్ల కిందటిదే అని బుర్రకి తెలిసేలోగా గుండె దడదడా కొట్టుకుని ఊరుకుంది. వంటింట్లోకి తీసుకెళ్లి చూపించాను. మా ఆవిడ దోసకాయ చేదు చూస్తోంది. ముక్క నములుతూనే అట్టని అటూ ఇటూ తిప్పి, "ఆ రోజుల్లో ఇది నిండుగా దొరికుంటే పండగ చేసుకునేదాన్ని" అని చెత్తబుట్టలో పడేసి, "కాయ బావుంది, పప్పులో వేసేస్తున్నా" అంది. నాకు మాత్రం ఇక పేపరు చదవబుద్ధి కాలేదు. గడప మీద కూర్చుని ఆ రోజులన్నీ మొదట్నించీ తలుచుకున్నాను. భయపడిన రోజులే అవి. కానీ తలుచుకుంటుంటే ఒళ్లంతా హుషారు పుట్టుకొచ్చింది. ఎందుకో చెబుతాను.

నేను జగ్గయ్యపేటలో హైస్కూలు లెక్కల మేస్టారిగా చేసి రిటైరయ్యాను. కాపురం మాత్రం మొదట్నించీ నందిగామలోనే. ఉద్యోగమంతా సిమెంటు లారీల వెనక దుమ్ము తింటూ బస్సుల్లో తిరిగాను. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది. మా వీధిలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా పురోహితుడి కంటే ముందు మా గుమ్మమే తొక్కేవాళ్లు. అంత పనిమంతురాలికీ బండి అంటే చచ్చేంత భయం. సెంటర్లో రోడ్డు దాటాలంటే నా చొక్కా వెనక భాగం గుప్పిట్లో పట్టుకుని, కళ్లు మూసుకుని నడిచేది. అందుకని నా చొక్కాలన్నిటికీ వీపు మీద ఒక ముడత శాశ్వతంగా ఉండిపోయింది. స్టాఫ్‌రూములో దాన్ని చూసి, "మేస్టారు నిన్న సకుటుంబంగా బజారుకెళ్లారు" అనేవాళ్లు. ఆటో ఎక్కినా దిగేదాకా "మెల్లిగా నాయనా, మెల్లిగా" అని జపం చేసేది. ఇక నా సంగతి చెప్పనక్కర్లేదు, నాకు సైకిలు తప్ప మరొకటి రాదు. మోటారు ఉన్నదేదైనా మా కాంపౌండులోకి రావడం అసాధ్యమని చుట్టాలంతా తీర్మానించేశారు.

అలాంటి మనిషికి నడుములో డిస్కు జారింది. ఏళ్ల తరబడి మిషను ముందు వంగి కూర్చున్న ఫలితం. విజయవాడలో ఆపరేషను చేయించాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నొప్పికి మాత్రలు రాసి, రెండు వారాలు వాడమన్నారు. రెండు వారాలకి నొప్పి పోలేదు. ఊళ్లో ఇంకో డాక్టరుగారు మరో నెలకు రాశారు. ఆ తర్వాత ఎవరు రాశారో, అసలు రాశారో లేదో నేను పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ మాత్రలు ఆవిడ కంటే ముందు నాకే నచ్చాయి. పక్క మీంచి దిగలేక మూలిగే మనిషి లేచి తిరిగింది. మిషను చప్పుడు మళ్లీ వినబడింది. పెళ్లయిన కొత్తలో విన్న కూనిరాగాలు వంటింట్లోంచి వచ్చాయి. ఒకరోజు నేను స్కూలు నుంచి రాగానే కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఏవండీ, నేను స్కూటరు నేర్చుకుంటున్నా" అంది. అప్పటికి ఆవిడకి నలభై తొమ్మిదేళ్లు. కాఫీ నా చొక్కా మీద పడింది.

అబ్బ, ఆ నేర్చుకోవడం! పక్కింటి కోడలు గురువు. మార్కెట్ యార్డులో ఖాళీ ఉన్న చోట పాఠాలు. మా ఆవిడ చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, పళ్లు బిగించి వెళుతుంటే, ఆ వెనకాల నేను పరిగెత్తేవాణ్ణి. పట్టుకోవడానికి కాదు, చూడకుండా ఉండలేక. మూడో వారానికి వీధుల్లోకి వచ్చింది. రెండో నెలకి సొంత బండి వచ్చింది. ఆ తర్వాత ఒక ఆదివారం హెల్మెట్ పెట్టుకుని, "వత్సవాయి వెళ్లి చెల్లెల్ని చూసొస్తా" అని హైవే ఎక్కేసింది. నేను గేటు దగ్గర అరగంట నిలబడ్డాను. ఫోను మోగింది. "వచ్చేశానండీ! లారీని కూడా దాటేశా!" అని అరిచింది. నేనూ అరిచాను. సోమవారం స్టాఫ్‌రూములో ఆ లారీ సైజు కొంచెం పెంచే చెప్పాను. అక్కణ్ణించి ఇక ఆగలేదు. లైనింగు గుడ్డలకని జగ్గయ్యపేట, దణ్ణం పెట్టుకొస్తానని పరిటాల హనుమంతుడి దగ్గరికి, మళ్లీ వత్సవాయి. ఆవిడ యాభైకి దగ్గరపడుతుంటే నాకు కొత్త పెళ్లాం దొరికినట్టుండేది.

ఆ సంబరంలో కొన్ని కనిపించినా నేను చూడలేదు. మధ్యాహ్నం మిషను మీదే తల వాల్చి నిద్రపోయేది. ఒక పెళ్లికూతురి జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టింది. అన్నం సగంలో వదిలేసేది. సాయంత్రం అయ్యేసరికి చీటికీ మాటికీ కసురుకుని, లోపలికెళ్లి వచ్చి, అరగంటలో మళ్లీ నవ్వుతూ మాట్లాడేది. వయసు అనుకున్నాను. అన్నిటికీ వయసు అనేది మా బోటివాళ్లకి మంచి సమాధానం.

ఒకరోజు స్కూల్లో ఒళ్లు కాలిపోతుంటే జగ్గయ్యపేట బస్టాండు దగ్గర మందుల షాపులో జ్వరం మాత్ర అడిగాను. షాపాయన బిల్లు కోసం ఫోను నంబరు అడిగి, కంప్యూటర్లో కొట్టి, తలెత్తి నన్ను పరీక్షగా చూశాడు. "ఈ నంబరు మీద ఒక మేడంగారు వస్తుంటారు, స్కూటరు మీద. మీ మిసెస్సాండి?" నేను గర్వంగా అవునన్నాను. ఆయన గొంతు తగ్గించాడు. "కోప్పడకండి మేస్టారూ. పాత చీటీ చూపించి ఆ నొప్పి మాత్రలే తీసుకెళ్తున్నారు. ఇంక ఇవ్వలేనని పోయినసారే చెప్పా. ఒకసారి డాక్టరుకి చూపించండి." జ్వరం మాత్ర అక్కడే మర్చిపోయి బస్సెక్కాను. నందిగామలో మా వీధి చివరి షాపులోనే ఆవిడ మాత్రలు కొంటుందని నాకు తెలుసు. మరి జగ్గయ్యపేటలో ఎందుకు? ఆ ప్రశ్నతో పాటే జవాబూ బస్సులో నా పక్కన వచ్చి కూర్చుంది. నమ్మబుద్ధి కాలేదు. ఆదివారం ఆవిడకి చెప్పకుండా వత్సవాయి వెళ్లాను. మరదలు మంచినీళ్లిస్తూ, "అక్క వచ్చిన ప్రతిసారీ రెండు నిమిషాల్లో వస్తానని సెంటర్లోకి పోతది బావగారూ, ఎందుకో అర్థం కాదు" అంది. సెంటర్లో మందుల షాపు ఉంది. పరిటాల దారిలోనూ ఉంది. నేను ఊరంతా గొప్పగా చెప్పుకున్న ప్రయాణాలన్నీ ఒక్కో షాపు ముందు ఆగిన ప్రయాణాలు.

ఇక్కడ నేను చేసిన బుద్ధితక్కువ పని చెప్పాలి. అడగడానికి నోరు రాక, ఇల్లంతా వెతికాను. కుట్టుదారాల డబ్బా అడుగున అట్టలు దొరికాయి. పట్టుకెళ్లి మురుగుకాలవలో పారబోశాను. ఆ మర్నాడు సెలవు. పొద్దున్నంతా ఆవిడ ఇల్లు తిరగేస్తూనే ఉంది, నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆవులింతలు మొదలయ్యాయి, ఆగని ఆవులింతలు. ముక్కూ కళ్లూ కారాయి. చెమటలు పట్టాయి, ఆ వెంటనే వణుకు. కాళ్లు ఒకచోట నిలవక నేల మీద అటూ ఇటూ కొట్టుకుంది. "పారేశారు కదూ? నాకు తెలుసు, మీరే పారేశారు! నొప్పి మీకుందా, నాకుందా?" అని అరిచి, వాంతి చేసుకుని, నా పాదాల దగ్గరే కూలబడి ఏడ్చింది. ముప్ఫై ఏళ్లుగా నా చొక్కా పట్టుకుని రోడ్డు దాటిన మనిషి. పక్కింటి కోడలు కారు తీసింది. తిన్నగా విజయవాడ వెళ్లాం.

అక్కడి డాక్టరమ్మ ముందు నన్ను తిట్టారు. "ఇవి ఒక్కసారిగా ఆపకూడదండీ, ఫిట్స్ వస్తే ఏం చేసేవారు?" అన్నారు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "రోజుకెన్ని వేసుకుంటున్నారమ్మా?" అనడిగారు. దారిలో నాతో నాలుగని చెప్పింది. నేనే అందుకుని, "నాలుగండీ" అన్నాను. మా ఆవిడ ఒడిలోని రుమాలు మడతలు పెట్టింది. "ఎనిమిది" అంది. ఆ మాట వినగానే నాకు కోపం రావాలి. రాలేదు. ఎన్నో నెలల తర్వాత నాకు తెలిసిన మనిషి గొంతు వినిపించింది. నా గుండె ఎగిరి గంతేసింది. "నిజం చెప్పారు కాబట్టి సగం పనైపోయింది" అన్నారు డాక్టరమ్మ. "ఇది తప్పు కాదు, వంటికి పట్టిన జబ్బు. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వద్దాం. నొప్పికి వేరే దారి చూద్దాం. అందాకా బండి ముట్టుకోవద్దు." మా ఆవిడ స్కూటరు తాళంచెవి తీసి నా జేబులో వేసింది. నాకు బండి రాదని మా ఇద్దరికీ అప్పుడు గుర్తు రాలేదు.

తగ్గించడానికి అయిదు నెలలు పట్టింది. మాత్రలు నా దగ్గరుండేవి. వేళకి నేనే ఇచ్చేవాణ్ణి. ఒక మాత్ర తగ్గిన ప్రతిసారీ మా ఇంట్లో రెండు మూడు రోజులు యుద్ధం. నేను వండిన చారు కూడా ఆ రోజుల్లో తగువుకి పనికొచ్చింది. ఫిజియోథెరపీ ఆవిడ నేర్పిన వ్యాయామాలు చాప మీద ఇద్దరం కలిసి చేసేవాళ్లం. ఆవిడ లేచేది, నేను లేవలేకపోయేవాణ్ణి, దాంతో నవ్వొచ్చేది. రెండు సార్లు తగ్గించిన చోటి నుంచి ఒక మెట్టు వెనక్కి వెళ్లాం. డాక్టరమ్మ ఫర్వాలేదన్నారు. ఆఖరి సగం ముక్క వేసుకున్న రోజున మా ఆవిడ క్యాలెండరు వైపు కూడా చూడలేదు. కానీ ఒక మాట అంది. "ఏవండీ, ఆ ధైర్యం నాది కాదేమో. మాత్రలదేమో. వాటి మత్తులోనే బండెక్కానేమో."

డాక్టరమ్మ ఇక నడపొచ్చన్నాక కూడా నెల రోజులు బండి దుప్పటి కిందే ఉంది. ఒక పొద్దున నేనే దుప్పటి తీసి, తుడిచి, వెనక సీటెక్కి కూర్చున్నాను. "ఎక్కడికి?" అంది. "జగ్గయ్యపేట" అన్నాను. హైవే మీదికొచ్చేదాకా బాగానే ఉంది. అప్పుడొక సిమెంటు లారీ చెవులు పగిలేలా హారన్ కొట్టి మా పక్కనుంచి దూసుకెళ్లింది. బండి ఊగింది. మా ఆవిడ పక్కకి తీసి ఆపేసింది. "నా వల్ల కాదు. మీరు నడపండి" అంది. "నాకు రాదుగా" అన్నాను. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. ముందుకి పోవాలన్నా ఆవిడే నడపాలి, వెనక్కి పోవాలన్నా ఆవిడే నడపాలి. మొదట తనే నవ్వింది. హెల్మెట్ సర్దుకుని, కుచ్చిళ్లు దోపుకుని, "గట్టిగా పట్టుకోండి" అంది. నేను ఆవిడ జాకెట్టు వెనక భాగం గుప్పిట్లో పట్టుకున్నాను. కుదురుగా, నెమ్మదిగా, లారీలకి దారిస్తూ నడిపింది. చిల్లకల్లు దాటాక ఒక ట్రాక్టరు అడ్డొచ్చింది. అద్దంలో చూసుకుని, హారన్ కొట్టి, దాటేసింది. "చూశారా! ఇప్పుడు పొద్దున్న తాగిన కాఫీ తప్ప ఒంట్లో ఏం లేదు!" అని గాలిలోకి అరిచింది. ఆ అరుపుకి ట్రాక్టరాయన కూడా చెయ్యి ఊపాడు. జగ్గయ్యపేటలో దిగేసరికి నా గొంతు పోయింది. దారంతా నేను కూడా అరుస్తూనే ఉన్నానట.

నడుము నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. వానపడితే ఇప్పటికీ సలుపుతుంది. కాపడం పెట్టుకుంటుంది, నడుస్తుంది, రోజుకి రెండు జాకెట్ల కంటే ఎక్కువ కుట్టదు. అయినా నాలో ఎక్కడో ఒక అనుమానం నక్కి ఉండేది. ఆవిడ ఆవులిస్తే చాలు, తిరిగి చూసేవాణ్ణి. ఆవిడ అది గమనించేది కూడా.

పోయినేడాది ఆవిడకి పన్ను పీకించాల్సి వచ్చింది. నందిగామలోనే, చిన్న గది, బల్ల మీద అరడజను మంది కూర్చున్నారు. వాళ్లలో ఇద్దరు మా ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లే. పన్ను తీశాక కుర్ర డాక్టరు చీటీ రాస్తూ, "నొప్పి గట్టిగానే ఉంటుందండి, స్ట్రాంగ్‌వి రాస్తున్నా" అని ఆ మాత్ర పేరే చెప్పాడు. నేను నోరు తెరవబోయాను. ఈలోగా మా ఆవిడ నోట్లో దూది ఒక బుగ్గలోకి నెట్టుకుని, గది మొత్తానికీ వినపడేలా అంది, "బాబూ, అవి నాకొద్దు. ఒకప్పుడు వాటికి అలవాటు పడిపోయా. మానడానికి తాతలు దిగొచ్చారు. మామూలువి రాయి, ఓర్చుకుంటా." జాకెట్ల ఆవిడ ఒకరు చేతిలోని ఫోను కిందికి దించి అలాగే చూస్తోంది. నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టేశాను కూడా. డాక్టరు కంగారుగా తలూపి, రాసినదాన్ని కొట్టేశాడు. ఆ గీత గీయడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ మాట మా ఆవిడ నోటిదాకా రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ వృథాగా ఎక్కడికీ పోలేదు, ఒక్కో రోజూ నడుచుకుంటూ ఆ క్షణంలోకే వచ్చి చేరింది.